వేలం కాగితంలో మా పేరు

“మీకేంది భాయ్, ఏలినోళ్లు మీరు. గా భూములన్నీ ఏం జేసిన్రు?”

ఈ ప్రశ్న వినకుండా పెరిగిన ముస్లిం పిల్లవాడు తెలంగాణలో ఉండడు. కొందరు నవ్వుతూ అడుగుతారు. కొందరు ఎకసెక్కంగా అడుగుతారు. 1992 డిసెంబర్ 6 తర్వాత ఆ నవ్వు తగ్గి ఎకసెక్కమే ఎక్కువైంది. దీనికి మా దగ్గర రెండు జవాబులే ఉంటూ వచ్చాయి. ఒకటి, మా తాత ఫలానా జాగీర్దారుకు దగ్గరివాడని లేని దర్జా చెప్పుకోవడం. రెండు, తల వంచుకొని ఊరుకోవడం. మొదటిది మేం చెప్పుకున్న అబద్ధం. రెండోది మా చేత ఒప్పించిన అబద్ధం.

మూడో జవాబు కాగితాల్లో ఉంది. ఆ కాగితాల్లో ఒక్కదాని వెంట మేమిక్కడ పోదలచుకున్నాం. అప్పు కింద వేలం పడిన పొలం, ఇల్లు కొత్త పేరుతో సర్కారీ రికార్డులోకి ఎట్లా ఎక్కుతుంది? ఎక్కేటప్పుడు ఏమేం రాలిపోతాయి? రాలిపోయినవాటిని వదిలేసి మిగిలిందే చరిత్ర అంటే మేమెందుకు ఒప్పుకోవాలి?

నారాయణపేట నుంచి మొదలుపెడదాం. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలగలిసి మాట్లాడే ఊరు. చీరలకు పేరు. లోకాయపల్లి సంస్థానం కింద ఉండి, నిజాం రాజ్యం చూసి, మహబూబ్‌నగర్ జిల్లాలో దశాబ్దాలు గడిపి, 2019 ఫిబ్రవరి 17న తానే జిల్లా అయింది. సరిహద్దు దాటితే ఒకప్పటి గుల్బర్గా జిల్లా. ఇక్కడి రైతు భూమి గురించి మాట్లాడితే ఏ భాషలో మాట్లాడతాడు? అతని కులం ఏదైనా సరే, పహాణీ అంటాడు. సేత్వార్ అంటాడు. ఖాస్రా, జమాబందీ, కబ్జా, దఖల్, ఫైసలా అంటాడు. తాకట్టును రహన్ అన్నవాళ్లు, పేరు మార్పిడిని దాఖిల్ ఖారిజ్ అన్నవాళ్లు మొన్నమొన్నటి దాకా ఉన్నారు. భూమి కాగితంలోని మాటలన్నీ మా ఇళ్లల్లో మాట్లాడే మాటలే. ఆ కాగితాల్లోని పేర్లలో మా పేర్లెన్ని అన్నది వేరే సంగతి.

వేలం సంగతే చూడండి. ఉర్దూలో నీలామ్ అంటాం. ఈ నీలామ్ పోర్చుగీసువాళ్ల ‘లైలావ్’ నుంచి వచ్చిందని భాషా పండితులు చెప్తారు. ఆ పోర్చుగీసు మాటేమో అరబ్బీ నుంచి పోయింది. చాటడం, తెలియజేయడం అని దాని అర్థం. అంటే వేలం అనే మాట వేళ్లలో ఉన్నది అమ్మకం కాదు, చాటింపు. పదిమందికీ తెలిసేలా చెప్పడం. మా వాదమంతా ఈ ఒక్క అర్థం మీదే నిలబడింది. చాటి చెప్పవలసింది చాటి చెప్పారా, చెప్పింది ఎవరి చెవిన పడింది, రికార్డు దాన్ని గుర్తుపెట్టుకుందా?

*

అప్పు వసూలుకు కోర్టు వేలం అనాదిగా ఉన్నది కాదు. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో హైదరాబాద్ రాజ్యంలో పెద్ద అప్పులిచ్చేవాళ్లలో షావుకార్లతో పాటు అరబ్బు జమేదార్లు, రోహిల్లాలు ఉండేవారు. బాకీదారు కట్టకపోతే అరబ్బులు అతన్ని పట్టుకుపోయి తమ దగ్గరే నిర్బంధించేవారు. కోర్టు లేదు, కాగితం లేదు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ ఈ సొంత జైళ్లను అణచి, వాళ్ల బాకీల తగాదాలను న్యాయస్థానం ముందుకు తెచ్చాడు. ఈ సంగతి మేం దాచుకోదలచుకోలేదు. వడ్డీ హరామ్ అన్న మతంవాళ్లే వడ్డీకి మనిషిని కట్టేసిన కాలం ఉంది. కోర్టు రావడం బాకీదారుకు ఒక మేలు. మనిషిని వదిలి ఆస్తిని పట్టుకోవడం అప్పటికి ముందడుగే.

వడ్డీ హరామ్ కాబట్టి మా షరియత్ పండితులు ఒక ఉపాయం కనిపెట్టారు. దాని పేరు బై బిల్ వఫా. బై అంటే అమ్మకం. వఫా అంటే మాట నిలబెట్టుకోవడం. అప్పు తీసుకునేవాడు భూమిని అమ్మినట్టు రాసిస్తాడు. డబ్బు తిరిగి కట్టిననాడు భూమి తిరిగిస్తానని కొన్నవాడు మాటిస్తాడు. వడ్డీ అనే మాట కాగితంలో కనిపించదు. లోపల మాత్రం అది తాకట్టే. మతానికీ అవసరానికీ మధ్య వేసిన సన్నటి వంతెన అది, మాట నిలబెట్టుకోవడం మీద ఆధారపడిన వంతెన.

ఇంగ్లీషువాళ్లు వచ్చాక ఈ వఫాకు గడువు పెట్టారు. 1806లో బెంగాల్‌లో తెచ్చిన పదిహేడో రెగ్యులేషన్ ప్రకారం నోటీసు తర్వాత ఏడాదిలోగా బాకీ కట్టకపోతే ఆ షరతు అమ్మకం పూర్తి అమ్మకమైపోతుంది. ఏడాది గడువు దయే అనుకోండి. కానీ అంతకు ముందు నోటిమాట మీద ఉన్నది ఆ తర్వాత తారీఖు మీదికి మారింది. తారీఖు దాటితే వఫా లేదు, బై మాత్రమే ఉంది. తర్వాత వచ్చిన చట్టాల్లో షరతు అమ్మకం తాకట్టుల్లో ఒక రకంగా మిగిలింది. కాగితం నుంచి మొదట రాలిపోయింది మాటే.

దక్కన్‌లో దీని ఫలితం ఏమిటో 1875లో లోకానికంతా తెలిసింది. పూనా, అహ్మద్‌నగర్ జిల్లాల రైతులు షావుకార్ల ఇళ్ల మీద పడి ధాన్యం కన్నా ముందు అప్పు పత్రాలు వెతికి తగలబెట్టారు. వాళ్లకు మనిషి మీద కన్నా కాగితం మీద కోపం ఎక్కువ. 1879లో అక్కడ దక్కన్ వ్యవసాయదారుల రక్షణ చట్టం వచ్చింది. పంజాబ్‌లో 1900లో భూమి అన్యాక్రాంతం కాకుండా చట్టం చేశారు. మన హైదరాబాద్ రాజ్యం మేలుకున్నది ఇంకా ఆలస్యంగా. 1929-30లో ఎస్. కేశవ అయ్యంగార్ పల్లెల ఆర్థిక పరిశీలన జరిపాడు. 1937లో భరూచా రైతుల రుణభారం మీద నివేదిక ఇచ్చాడు. ఆ తర్వాతే వడ్డీ వ్యాపారుల మీదా, భూమి చేతులు మారడం మీదా అదుపు చట్టాలు వచ్చాయి. అప్పటికే ఎన్ని పట్టాలు మారాయో మారాయి. భూమి శిస్తు బకాయి కింద పొలాన్ని జప్తు చేసి అమ్మే అధికారం మాత్రం 1317 ఫస్లీ, అంటే 1907 నాటి మాల్‌గుజారీ చట్టంలో అంతకు ముందు నుంచే ఉంది. రైతుకు రెండు వైపులా వేలమే. ఒకవైపు షావుకారు కోర్టు నుంచి, ఇంకోవైపు సర్కారు తహసీలు నుంచి.

*

ఇప్పుడు ఒక రైతును ఊహించుకుందాం. పేరు అక్కర్లేదు. పొలం తాకట్టు పెట్టాడు, కట్టలేకపోయాడు. 1951 ఏప్రిల్ 1 నుంచి మన ప్రాంతానికి కూడా వర్తిస్తున్న 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం అతని పొలం ఏ దారిన పోతుందో చూద్దాం.

తాకట్టు దావాలో కోర్టు ముందు ప్రాథమిక డిక్రీ ఇస్తుంది. కట్టుకోవడానికి ఆరు నెలలలోపు గడువు పెడుతుంది. కట్టకపోతే తుది డిక్రీ, దాని మీద అమ్మకం ఉత్తర్వు. అమ్మే ముందు ప్రకటన తయారు చేయాలి. ఆస్తి ఏది, దాని శిస్తు ఎంత, దాని మీద ఇంకేం భారాలున్నాయి, ఎంత సొమ్ము కోసం అమ్ముతున్నారు అన్నవన్నీ అందులో ఉండాలి. దాన్ని పొలం దగ్గర డప్పు కొట్టి చాటాలి. పొలంలోనూ, కోర్టు గోడ మీదా అంటించాలి. కోర్టు గోడకు ఎక్కిన తర్వాత కనీసం 15 రోజులు గడవనిదే వేలం జరపకూడదు. 1976 సవరణకు ముందు అది 30 రోజులు. చాటవలసిన కాలం సగమైంది.

వేలంనాడు ఎక్కువ పాడినవాడు నాలుగో వంతు సొమ్ము అక్కడికక్కడే కట్టాలి. మిగతాది 15 రోజుల్లో. అప్పిచ్చినవాడే కోర్టు అనుమతి తీసుకొని పాటలో కూర్చోవచ్చు. అట్లా కొంటే రొక్కం ఇవ్వనక్కర లేదు, తనకు రావలసిన బాకీలో జమ వేసుకోవచ్చు. ఊరందరికీ అప్పిచ్చినవాడు ఒకడే అయినచోట అతనికి పోటీగా పాడే మొగోడెవడు?

పాట అయినాక బాకీదారుకు ఒక ఆఖరి తలుపు ఉంది. కొన్నవాడికి పాట సొమ్ములో నూటికి 5 వంతున ఇచ్చి, డిక్రీ బాకీ కూడా జమ చేస్తే వేలం రద్దవుతుంది. దీనికి ఇప్పుడున్న గడువు 60 రోజులు. మోసం జరిగిందనో, పద్ధతి తప్పారనో పిటిషన్ వేసుకోవచ్చు. కానీ ధర తక్కువ పలికిందని చెప్తే సరిపోదు. పద్ధతి తప్పడం వల్లో మోసం వల్లో తనకు గట్టి నష్టం జరిగిందని రుజువు చేయాలి. రుజువు చేయలేకపోతే కోర్టు వేలాన్ని ఖాయం చేస్తుంది. సేల్ సర్టిఫికెట్ ఇస్తుంది. హక్కు సర్టిఫికెట్ ఇచ్చిన తారీఖు నుంచి కాదు, పాట జరిగిన తారీఖు నుంచే కొన్నవాడిదవుతుంది.

ఇక్కడిదాకా వకీళ్లకు తెలిసిందే. ఇక ఆ సర్టిఫికెట్ రికార్డు అయ్యే తీరు చూడండి. మామూలు అమ్మకమైతే ఇద్దరూ రిజిస్ట్రార్ ముందుకు పోవాలి. అమ్మినవాడు “అవును, నేనే అమ్మాను” అని ఒప్పుకోవాలి, వేలిముద్ర వేయాలి. కోర్టు వేలానికి ఇదేదీ లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం పదిహేడో సెక్షన్ దానికి మినహాయింపు ఇచ్చింది. ఎనభై తొమ్మిదో సెక్షన్ ప్రకారం కోర్టే ఒక నకలు పంపుతుంది. రిజిస్ట్రార్ దాన్ని ఒకటో నంబరు పుస్తకంలో దాఖలు చేస్తాడు. రెవెన్యూ అధికారి వేలం వేసినా ఇదే పద్ధతి. రేపు ఎవరైనా ఈసీ తీస్తే ఆ వేలం అందులో ఒక లైనుగా కనిపిస్తుంది. పోగొట్టుకున్నవాడి వేలిముద్ర ఆ పుస్తకంలో ఎక్కడా ఉండదు. అతను ఒప్పుకోనవసరం లేదు కాబట్టి, రానవసరమూ లేదు.

ఆ తర్వాత కాగితం తహసీలుకు పోతుంది. 1971 నాటి హక్కుల రికార్డు చట్టం ఉన్నన్నాళ్లూ, కోర్టు డిక్రీ వల్ల వచ్చిన హక్కును కూడా 90 రోజుల్లో తెలియజేయాలి, నోటీసులిచ్చి విచారించి అమలు చేయాలి అన్నది రూలు. అమలైన నాటి నుంచి పహాణీలో పాత పేరు పోయి కొత్త పేరు వస్తుంది. మరుసటి ఏడు పహాణీ రాసేవాడు కొత్త పేరు చూసి కొత్త పేరే రాస్తాడు. పదేళ్లు గడిస్తే ఆ భూమి ఎప్పుడూ ఆ పేరు మీదే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇందులో కుట్ర లేదు. ఈ మాట మేం ఖచ్చితంగా చెప్పదలచుకున్నాం. వేలంలో కొన్నవాడికి హక్కు గట్టిగా లేకపోతే ఎవడూ పాడడు. ఎవడూ పాడకపోతే ధర ఇంకా పడిపోతుంది, ఆ నష్టం కూడా బాకీదారుకే. రికార్డు స్థిరంగా ఉండాలనడం న్యాయమే. మా అభ్యంతరం రికార్డు స్థిరంగా ఉండడం మీద కాదు, అది నోరు మూసుకోవడం మీద. అసలెంత, వడ్డీ ఎంత, నోటీసు ఎవరికి అందింది, ఎవరి తలుపుకు అంటించి వచ్చారు, పాటలో ఎంతమంది ఉన్నారు? ఇవన్నీ కోర్టు కట్టలో ఉంటాయి. తహసీలుకు చేరేది ఒక్క పేరు. దినుసు ఆనవాలు లేకుండా జల్లెడ పట్టినట్టు.

*

ఈ జల్లెడలో మా ఇళ్లకు సంబంధించి ఎక్కువగా రాలిపోయింది ఆడవాళ్ల హక్కు.

ఇస్లామీ వారసత్వంలో మనిషి కన్నుమూసిన క్షణాన ఆస్తి వాటాలుగా విడిపోతుంది. భార్యకు వాటా, కూతురికి వాటా, తల్లికి వాటా. భార్యకు చెల్లించని మెహర్ ఉంటే అది కూడా మొగుడి ఆస్తి మీద బాకీయే. షరియత్ ఇంత స్పష్టంగా చెప్పింది. మరి పహాణీలో ఏం రాశారు? పెద్దకొడుకు పేరు రాశారు. రాయించుకున్నది మా మొగవాళ్లే. షావుకారు దావా వేసింది పహాణీలో ఉన్న పేరు మీద. డిక్రీ అతని మీద. వేలం పడింది మొత్తం పొలం.

ఈ ప్రశ్న 1885లోనే అలహాబాద్ హైకోర్టు ఫుల్ బెంచి ముందుకు వచ్చింది. జాఫ్రీ బేగం కేసు. చనిపోయిన ముస్లిం ఆస్తి మీద కొందరు వారసులపై వచ్చిన డిక్రీతో వేలం జరిగితే, దావాలో లేని వారసుడి వాటా పోతుందా? సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కొడుకు జస్టిస్ సయ్యద్ మహమూద్ ఇందులో సుదీర్ఘమైన తీర్పు రాశాడు. దావాలో లేనివాడి వాటా ఆ వేలంతో కొన్నవాడికి పోదు. అయితే ఆ వాటాకు పడే బాకీ మాత్రం చెల్లించి తన భూమి తీసుకోవాలి. అప్పు ఎగ్గొట్టడానికీ వీల్లేదు, అడగకుండా గుంజుకోవడానికీ వీల్లేదు. ఎంత సమతూకమైన మాట!

కానీ ఈ తీర్పును వాడుకోవాలంటే ముందు ఆ చెల్లెలి పేరు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. మా ఇళ్లల్లో రాయలేదు. పెళ్లి చేసి పంపినప్పుడే ఇచ్చేశామన్నారు. షరియత్ గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్లు ఆస్తి దగ్గర ఊరి ఆచారాన్ని పాటించారు. వేలంలో పోయిందని ఏడ్చే మా ఇళ్లల్లో, వేలానికి ముందే ఆడపిల్లల వాటాను మాయం చేసింది మేమే. కోర్టు రికార్డు మింగిందని అనేముందు మేం మింగింది కక్కాలి.

ఆ తర్వాత వక్ఫ్. దర్గాకో, మసీదుకో, ఖబరస్తాన్‌కో అంకితమైన భూమి అల్లాది. ముతవల్లీ దానికి కాపలాదారు మాత్రమే. అతని సొంత అప్పు కింద అది వేలానికి రాకూడదు. కానీ రికార్డులో తరచుగా ముతవల్లీ పేరో, సేవ చేసేవాడి పేరో ఇనాందారుగా ఉంటుంది. పేరు చూసి జప్తు చేస్తే ఆపేదెవరు? అందుకే 1995 వక్ఫ్ చట్టం తొంభయ్యో సెక్షన్, వక్ఫ్ ఆస్తి ఏదైనా డిక్రీ కింద గానీ పన్ను బకాయి కింద గానీ అమ్మకానికి వస్తే బోర్డుకు నోటీసు ఇవ్వాలంది. నోటీసు లేకుండా అమ్మితే, తెలిసిన తర్వాత గడువులోగా బోర్డు కోర్టుకు పోయి ఆ అమ్మకం చెల్లదని తేల్చుకోవచ్చు. 1998లో సయ్యద్ అలీ కేసులో సుప్రీంకోర్టు మన ఆంధ్రప్రదేశ్ దర్గా భూమి గురించే తీర్పు చెప్తూ, ఒకసారి వక్ఫ్ అయింది ఎప్పటికీ వక్ఫే అంది. ఇనాం రద్దు కింద ఎవరికో పట్టా వచ్చినంత మాత్రాన వక్ఫ్ గుణం పోదంది.

ఇప్పుడు 2025 సవరణ చట్టం వక్ఫ్ స్థిరాస్తి తగాదాలకు కాలపరిమితి చట్టం వర్తిస్తుందని మార్చింది. అంతకు ముందు 1995 చట్టం దాన్ని తప్పించింది. అంటే ఏ వేలంలో ఏ వక్ఫ్ భూమి పోయిందో ఇప్పుడు వెతకడమే కాదు, గడియారం చూసుకుంటూ వెతకాలి. కట్టలు తెరవని బోర్డును, తెరిపించని మమ్మల్ని ఆ గడియారం ఆగి చూడదు.

*

1948 సెప్టెంబర్ గురించి చెప్పకుండా నారాయణపేట ప్రాంతపు భూమి కథ చెప్పలేం. పోలీసు చర్య తర్వాత నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయాయని రాసింది. రాజ్యం మొత్తం మీద చనిపోయినవాళ్లు 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనం కంట పడనివ్వలేదు. రజాకార్లు చేసిన దుర్మార్గాన్ని మేం కాదనం. దాని బదులు ఊళ్లల్లో ఉన్న మామూలు సాయిబు తీర్చాడన్నదే మా బాధ.

ఊరొదిలి పట్నం పోయినవాడి పొలం మీద అప్పు ఉంటే? శిస్తు బకాయి పడితే? మనిషి దొరకకపోతే సమన్లను ఇంటి తలుపుకు అంటించి రమ్మంటుంది చట్టం. తాళం వేసిన తలుపు ఆ కాగితం చదువుతుందా? 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. అది జరగవలసిందే, భూస్వామ్యం మీద మాకు మోజు లేదు. కానీ జాగీరుతో పాటు జాగీర్దారు దగ్గర జీతానికున్న గుమాస్తా, జవాను, గుర్రాలవాడు కూడా రోడ్డున పడ్డారు. ఫౌజు రద్దయింది. జీతం పోయినవాడు మొదట పాత్రలు కుదువబెడతాడు, తర్వాత ఇల్లు. ఇట్లా రోడ్డున పడినవాళ్లను “ఏలినోళ్లు” అంటున్నారు.

దాని వెనుకే 1954-55 ఖాస్రా పహాణీ వచ్చింది. తెలంగాణలో ఈనాటికీ భూమి తగాదా వస్తే దాన్నే మూలం అంటారు. అందులో చాలావరకు ఉర్దూలో రాసి ఉంటుంది. మనిషి ఊళ్లో లేని ఏళ్లకు దగ్గరగా రాసిన రికార్డు మూల రికార్డు అయింది. తర్వాత ఉర్దూ చదివేవాళ్లు ఆఫీసుల్లో తగ్గిపోయారు. ఇప్పుడు ఆ కాగితం చదివించుకోవాలంటే రెడ్డీ, గొల్లా, మాదిగా అందరూ ఉర్దూ వచ్చిన ముసలాయన ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. ఆయన వాళ్ల తాతల పేర్లు చదివి చెప్తాడు. మా భాష పరాయిదన్నవాళ్ల హక్కులు కూడా మా భాషలోనే దాచి ఉన్నాయి.

ఈ జల్లెడలో మేమొక్కరమే పడ్డామని మేం అనడం లేదు. నారాయణపేట నేతగాడిని చూడండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ అరవయ్యో సెక్షన్ చేతిపనివాడి పనిముట్లను జప్తు చేయొద్దంది. మగ్గం పనిముట్టు, కాబట్టి మగ్గం భద్రం. కానీ గుంటమగ్గం ఇంటి నేలలో తవ్విన గుంటలో ఉంటుంది. ఆ ఇంటినే తాకట్టు పెట్టి ఉంటే ఈ రక్షణ అక్కరకు రాదు, తాకట్టు డిక్రీ కింద ఇల్లు అమ్ముడవుతుంది. మగ్గం మాత్రం నీదే, ఎత్తుకుపో అంటారు. గుంటను ఎట్లా ఎత్తుకుపోవాలి? ఆ ఇంట్లో ఉన్నది పద్మశాలి కావచ్చు, స్వకులసాలి కావచ్చు, దూది ఏకే మా మనిషి కావచ్చు. పొలం దగ్గర డప్పు కొట్టి చాటినవాడికైతే పోవడానికి పొలమే లేదు. ఏ రికార్డులోనూ ఎక్కనివాడి చేతే రికార్డును చాటించారు.

*

ఇదంతా పాత కథ అని కొట్టిపారేసేవాళ్లకు ఇంకో మాట. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం కోర్టును కూడా పక్కన పెట్టింది. బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, ఇల్లు స్వాధీనం చేసుకొని తానే వేలం వేయొచ్చు. వ్యవసాయ భూమికి మినహాయింపు ఉంది, ఇంటికి లేదు. బ్యాంకు అధికారే సేల్ సర్టిఫికెట్ ఇస్తాడు. దాన్ని కూడా ఎనభై తొమ్మిదో సెక్షన్ కింద ఒకటో నంబరు పుస్తకంలో దాఖలు చేయాలని 2021లో ఎస్జేపీ ఇంపెక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2016 సవరణ తర్వాత బాకీదారు ఇల్లు విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడే దాకానే. బై బిల్ వఫాకు ఇంగ్లీషువాడు ఏడాది ఇచ్చాడు. మనవాళ్లు మనకు ఎంత ఇస్తున్నారో లెక్క వేసుకోండి.

పేరు మార్పిడి హక్కునివ్వదు, అది శిస్తు లెక్క కోసమే అని సుప్రీంకోర్టు 1996లో సావర్ణీ కేసులో చెప్పింది. కోర్టులో నిజమే. ఊళ్లో మాత్రం రికార్డులో పేరున్నవాడే ఆసామి. 2017 సెప్టెంబర్‌లో తెలంగాణలో రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. అందులో అనుభవదారు కాలమే లేకుండా పోయింది. పాత పహాణీలో కనీసం పట్టాదారు ఒకరు, దున్నేవాడు ఒకరు అని రెండు గళ్లుండేవి. వేలంలో కొన్నవాడి పేరు ఒక గడిలో, భూమిని వదలకుండా పట్టుకున్నవాడి పేరు ఇంకో గడిలో. ఆ రెండో గడి కొన్నిచోట్ల చరిత్రకు మిగిలిన ఒకే ఒక సాక్ష్యం. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. దాన్ని మొదట ప్రయోగించిన నాలుగు మండలాల్లో మన నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు.

ఇట్లాంటి సదస్సుల్లో మేం అడగవలసింది ఏమిటి? జాగీర్లు తిరిగి ఇమ్మని కాదు. వేలంలో న్యాయంగా కొన్నవాడిని లేపమని కాదు. వేలం ద్వారా వచ్చిన ప్రతి పేరు పక్కన ఏ కోర్టు, ఏ కేసు నంబరు, ఏ సంవత్సరం అన్నది రాయమని. ఉర్దూ కట్టలను చెదలకు వదలకుండా తెలుగులోకి రాయించమని, రాయించాక మూలాన్ని పారేయొద్దని. విరాసత్ రాసేటప్పుడు కూతుళ్ల పేర్లు అడిగి రాయమని. అడిగినప్పుడు మా ఇళ్లల్లో మొగవాళ్లు నిజం చెప్పాలని కూడా.

లౌకికవాద మిత్రులకు ఒక మాట. మా గురించి రాసేటప్పుడు మీరు చార్మినార్ దగ్గర మొదలుపెట్టి బిర్యానీ దగ్గర ఆపుతారు. మధ్యలో ఒక తహసీలు ఆఫీసు ఉంది. అక్కడి కట్టల్లో సాయిబు కూడా రైతుగా, నేతగాడిగా, బాకీదారుగా కనిపిస్తాడు. అతన్ని నవాబు చేయకండి, హంతకుణ్ణీ చేయకండి. పక్క సర్వే నంబరులో అదే షావుకారుకు అదే ఏడు పొలం పోగొట్టుకున్న బోయ రైతు పక్కన అతన్ని నిలబెట్టి చూడండి.

మా వాళ్లకూ ఒక మాట. మన పెద్దల రేకుపెట్టెల్లో ఇంకా కాగితాలున్నాయి. దర్జా కోసం షజ్రాలు వెతికినంత శ్రద్ధగా వాటిని వెతుకుదాం. రసీదు ఉంటుంది, సమను ఉంటుంది, ఇస్తిహార్ ఉంటుంది. చదవడం రాకపోతే చదివేవాళ్లను పట్టుకుందాం. వాళ్లు ఇంకెన్నాళ్లో ఉండరు. ఈసారి ఎవరైనా “గా భూములన్నీ ఏం జేసిన్రు?” అని అడిగితే, దర్జా చెప్పొద్దు, తల వంచొద్దు. కేసు నంబరు చెప్పి, కూర్చోబెట్టి, కాగితం చదివి వినిపిద్దాం.